పూజా కిట్, ఏడు వందల యాభై

నేను పదో తరగతి దాటలేదు. కానీ మిరపకాయల బస్తా కాటా మీద నుంచి దిగేలోపు దాని ఖరీదెంతో నోటితో చెప్పగలను. గుంటూరు యార్డులో ఒక కమీషన్ కొట్లో ముప్పై ఏళ్ళుగా గుమస్తాగా చేస్తున్నాను. రైతు కాయ తెస్తాడు, వ్యాపారి కొంటాడు, మధ్యలో నేను పట్టీ రాస్తాను. పట్టీ అంటే రైతుకిచ్చే లెక్క చీటీ. పైన సరుకు ధర ఉంటుంది. దాని కింద వరసగా కోతలు దిగుతాయి: కమీషను, హమాలీ, కాటా కూలి, తరుగు. అడుగున మిగిలింది రైతుది. ఆ చీటీ అందుకున్న ప్రతి రైతూ ఒకసారి పైకి చూస్తాడు, ఒకసారి కిందికి చూస్తాడు, తర్వాత నా మొహం చూస్తాడు. తలెత్తకుండా తర్వాతి చీటీ మొదలుపెట్టడమే నా ఉద్యోగంలో కష్టమైన పని.

ఇంత లెక్క తెలిసినవాణ్ణి, కారు కొనేటప్పుడు నన్నెవరు మోసం చేయగలరు అనుకున్నాను. నిజంగానే ఎవరూ చేయలేదు. ఆ పని నేనే చేసుకున్నాను.

కారు నా కోసం కాదు. నాకు డ్రైవింగ్ రాదు. మా ఆవిడ ప్రాథమిక బడిలో టీచరు. మేముండేది చిలకలూరిపేటలో, ఆమె బడి పర్చూరు దాటాక ఆరు కిలోమీటర్లు. పర్చూరు దాకా బస్సు, అక్కణ్ణుంచి షేర్ ఆటో. ఆ ఆటోలో డ్రైవరుకి అటొకరూ ఇటొకరూ, వెనక ఐదుగురు, పత్తి తీసే రోజుల్లో ఇంకో ముగ్గురు. సంవత్సరం మొదట్లో ఒక స్పీడ్ బ్రేకర్ మీద ఆ ఆటో ఎగిరిపడి ఆమె నడుము పట్టేసింది. పదిహేను రోజులు మంచం దిగలేదు. డాక్టరు ఫిల్ము వెలుతురుకి పెట్టి చూసి, "ఇంకోసారి ఇలాంటి కుదుపు తగిలితే ఆపరేషనేనమ్మా. ఆటో మాటే మర్చిపోండి" అన్నాడు. మర్చిపోవడానికి ఆ ఊరికి ఇంకో బండి లేదు. నడుముకి బెల్టు బిగించుకుని, వేసవి సెలవులిచ్చేదాకా అదే ఆటోలో వెళ్ళింది.

జూన్ పన్నెండున బడి తెరిచేనాటికి కారు ఇంటి ముందుండాలి. అది ఆమె షరతు. మొత్తం కలిపి ఎనిమిది లక్షలు దాటకూడదు. అది నా షరతు. ఆమె అంతకు ముందు ఏడాదే డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. నేను మాత్రం పెట్రోలుకి కిలోమీటరుకెంత, గ్యాసుకెంత, టైరు అరుగుదలకెంత అని ఫిబ్రవరి నుంచీ పాత క్యాలెండర్ల వెనక వేసుకుంటూనే ఉన్నాను.

"మీ లెక్క తేలేలోపు నాకు పెన్షన్ వచ్చేట్టుంది," అంది ఒకరోజు. ఆ మర్నాడే షోరూముకి బయల్దేరాం. అప్పుడు ఏప్రిల్ మధ్య.

గుంటూరు బైపాస్ దగ్గరి ఆ షోరూములో అడుగు పెట్టగానే చల్లటి గాలి, చల్లటి మజ్జిగ. మా ఇద్దరికీ చెరో గ్లాసూ ఇచ్చినతను సేల్స్ మనిషి. ముప్పై ఏళ్ళుంటాయి, టై కట్టుకున్నాడు, మాట మంచిది. నేను ఒక తెల్ల కారు చుట్టూ రెండుసార్లు తిరిగి తలుపు మీద వేలితో కొట్టి చూశాను.

"సార్ ఏం చూస్తున్నారు మేడమ్?" అనడిగాడు.

"ఆయన యార్డులో కాయని విరిచి చూస్తారండీ. కారుని ఎక్కడ విరవాలో తెలీక ఇబ్బంది పడుతున్నారు," అంది మా ఆవిడ. తర్వాత స్టీరింగు ముందు కూర్చుంది. వీపు వెనక్కి ఆనించి కళ్ళు మూసుకుంది. సేల్స్ మనిషి అది చూశాడు. అతను చూడటం నేను చూశాను. బేరం సగం అక్కడే చెడింది. కాయ నచ్చినట్టు మొహంలో కనపడితే ధర తగ్గదు, ఇది యార్డులో బస్తాలు మోసే పుల్లాయిక్కూడా తెలుసు.

కాగితం వేసిచ్చాడు. చూడగానే నాకు నవ్వొచ్చింది. అది పట్టీ. అచ్చంగా నేను ముప్పై ఏళ్ళుగా రాస్తున్నదే, కాకపోతే తలకిందులుగా ఉంది. నా పట్టీలో కిందికి దిగేకొద్దీ అంకె తగ్గుతుంది, ఇందులో పెరుగుతోంది. కారు ధర ఆరు లక్షల తొంభై అయిదు వేలు. టాక్సూ రిజిస్ట్రేషనూ లక్ష. ఇన్సూరెన్సు ముప్పై ఆరు వేలు. హ్యాండ్లింగ్ ఛార్జీలు తొమ్మిదిన్నర వేలు. బేసిక్ కిట్ పద్దెనిమిది వేలు. అదనపు వారంటీ పద్నాలుగు వేలు. పెయింటు మీద కోటింగు ఏడు వేలు. అన్నిటికంటే అడుగున, చిన్న అక్షరాల్లో, పూజా కిట్ ఏడు వందల యాభై. మొత్తం ఎనిమిది లక్షల ఎనభై వేల రెండు వందల యాభై. కూడటానికి అతను ఫోను తీసేలోపు నేను చెప్పేశాను.

"సార్ మీరు బ్యాంకులో చేస్తారా?"

"కాదు గానీ, ఈ హ్యాండ్లింగ్ అంటే ఏం హ్యాండిల్ చేస్తారు?"

"యార్డు నుంచి షోరూముకి తేవాలి కదండీ."

"మీకూ యార్డుందా?" అన్నాను. ప్రాణం లేచొచ్చింది. "అయితే ఇది హమాలీ. బస్తాకి హమాలీ ఉందంటే మనిషి వీపున మోస్తాడు. మీ సరుక్కి చక్రాలున్నాయి కదయ్యా!"

అతను నవ్వి, మేనేజర్ని అడిగొస్తానని అద్దాల గదిలోకి వెళ్ళాడు. నాలుగు నిమిషాల తర్వాత బాధగా వచ్చి కోటింగు తీసేశానన్నాడు. నేను బేసిక్ కిట్ సంగతేంటన్నాను. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ నాలుగు నిమిషాలు, మళ్ళీ అదే బాధ. మూడోసారి వచ్చి, "మేనేజర్ గారు నా మీద కేకలేశారు సార్, మీ కోసం పదివేలు డిస్కౌంటు పట్టుకొచ్చా" అంటూ కాగితం నా ముందు పెట్టాడు. కాగితం అంచున నూనె మరక. సెనగపిండి వాసన. కేకలేసిన మేనేజర్ అద్దాల వెనక మిరపకాయ బజ్జీ తింటున్నాడు.

"ఆ కాయ ఏ రకమో కనుక్కున్నారా?" అన్నాను.

అతను వేళ్ళు చూసుకుని గబుక్కున చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. తర్వాత దారి మార్చాడు. "మొత్తం ఎందుకు చూస్తారు సార్? లోను పెడితే రోజుకి మూడొందల యాభై. టీ కాఫీల ఖర్చండీ అది!"

"పది రూపాయల టీ, ముప్పై అయిదు టీలు," అన్నాను.

"రోజుకి ముప్పై అయిదు టీలు తాగేవాడికి కారెందుకండీ, అంబులెన్సు కావాలి," అంది మా ఆవిడ.

అప్పుడతను గొంతు తగ్గించి అసలు అస్త్రం తీశాడు. "సార్, మేడమ్, మీ మంచికే చెబుతున్నా. ఈ నెలాఖర్నుంచి మూఢం. మళ్ళీ జూలై మొదటి వారం దాకా మంచి రోజు లేదు. ఇరవయ్యారు లాస్టు. ఇవాళ బుక్ చేస్తేనే ఇరవయ్యారుకి బండి ఇవ్వగలను. అది దాటితే రెండు నెలలు ఎవరూ తాళం కూడా ముట్టుకోరు!"

మా ఆవిడ నా వైపు చూసింది. పెదవి చివర నవ్వు ఆపుకుంటోంది. మేము ఆదివారం చర్చికెళ్ళేవాళ్ళం. ఆమె సండే స్కూల్లో పిల్లలకి పాటలు కూడా నేర్పుతుంది. శుక్రుడు ఆకాశంలో కనపడినా కనపడకపోయినా మాకొకటే. అయితే నా పేరు మా తాత పెట్టిన పాత పేరు, ఏ పంచాంగంలోనైనా ఇమిడిపోతుంది. అతనికి అనుమానం రాలేదు. ఆమె చెప్పేయబోతుంటే బల్ల కింద కాలు తొక్కాను.

ఎందుకంటే అతని మాటలో నాకొక లెక్క దొరికింది. రెండు నెలలు ఎవరూ కొనరంటే, రెండు నెలలు ఈ షోరూములో ఈగలే. కొనేవాడు లేని రోజున అమ్మేవాడు ఎంత దిగుతాడో నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? నాకు మూఢం లేదన్న సంగతి బయటపడితే ఆ బలం పోతుంది. అందుకని ఇంటికెళ్ళి ఆలోచించుకుంటామన్నాను. పూజా కిట్ మీద కూడా పెన్ను పెట్టలేదు. మిగతా ప్రతి పద్దూ గీచి గీచి అడిగినవాణ్ణి దాన్ని మాత్రం ముట్టుకోలేదు. అది కొట్టేస్తే గుట్టు తెలిసిపోతుంది కదా. ఏడు వందల యాభై నా రహస్యానికి అద్దె అనుకున్నాను.

బస్సులో మా ఆవిడ, "అబద్ధమాడారు" అంది.

"నోరే ఎత్తలేదు కదా?"

"అదే అంటున్నా."

ఇరవయ్యారో తారీఖున అతను నాలుగుసార్లు ఫోన్ చేశాడు. నాలుగుసార్లూ చూస్తామన్నాను. మూఢం వచ్చింది, ఫోన్లు ఆగాయి. మే మొదట్లో ఆమె, "వచ్చింది కదా మీ మూఢం, వెళ్దాం పదండి" అంది.

"ఆగు. ఇంకా పచ్చిగా ఉంది. కాయ కల్లంలో ఎండాలి."

"ఈలోపు నా నడుం ఎండుతోంది," అంది ఆమె, వేడినీళ్ళ సంచీ సర్దుకుంటూ. సెలవులే కదా, ఇప్పుడు ఆటో ఎక్కే పని లేదు కదా అన్నాను. ఆమె పెన్ను తీసింది. క్యాలెండరులో జూన్ పన్నెండు చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి ఊరుకుంది.

మే మూడో వారంలో సేల్స్ మనిషి ఫోన్ చేసి, "సార్, ఆరోగ్యం ఎలా ఉంది?" అన్నాడు. ధర ఎత్తకుండా ఆరోగ్యం అడిగాడంటే కాయ ఎండింది. అయినా ఇంకో వారం ఆరనిచ్చి, నెల చివర టార్గెట్ల రోజు చూసుకుని మరీ వెళ్ళాం.

నేననుకున్నట్టే ఉంది. మజ్జిగ లేదు. సగం ఏసీలు ఆపేశారు. ఈసారి మేనేజరే గదిలోంచి బయటికొచ్చి కుర్చీ జరిపాడు. హ్యాండ్లింగ్ పోయింది. కిట్ పోయింది, వారంటీ పోయింది, కోటింగు పోయింది. ఇన్సూరెన్సు బయట ఇరవై ఆరు వేలకే వస్తుందంటే, బయటే చేయించుకోండి అన్నారు. పైన ఇరవై రెండు వేలు డిస్కౌంటు. అంతా పోగా, బయటి ఇన్సూరెన్సు కలుపుకుని, ఏడు లక్షల తొంభై తొమ్మిది వేల ఏడు వందల యాభై. నా షరతుకి రెండు వందల యాభై కింద. నేను కాలు మీద కాలేసుకుని అడ్వాన్సు కట్టాను. యార్డులో నన్ను దాటుకుపోయిన పెద్ద పెద్ద వ్యాపారులందరూ ఆ క్షణాన కళ్ళ ముందు మెదిలారు. వాళ్ళలో ఒక్కడైనా చూడలేదే అని దిగులేసింది కూడా.

రసీదు చేతికిస్తూ సేల్స్ మనిషి, "డెలివరీ జూలై ఎనిమిది సార్. మంచి ముహూర్తం," అన్నాడు.

"జూలై ఏంటి? నాకు జూన్ పన్నెండు లోపల కావాలి."

"జూన్‌లో ఎక్కడండీ? మూఢం కదా! తీసుకునేవాళ్ళు లేరని మేము స్టాకే దించుకోలేదు. మీ తెల్లది జూలై మొదటి వారంలో లారీ మీద వస్తుంది."

నా కాలు కాలి మీద నుంచి దానంతటదే దిగిపోయింది. కొనేవాళ్ళు రాకపోతే ధర పడుతుందన్నంత వరకే నేను లెక్క వేశాను. కొనేవాళ్ళు రాకపోతే సరుకు కూడా రాదన్న సంగతి నా క్యాలెండర్ వెనక ఎక్కడా లేదు. యార్డుకి సెలవిచ్చిన రోజు పల్లెల నుంచి బస్తా రాదు, ఆ మాత్రం నాకు తెలియదా? మూఢం లేనివాణ్ణని మురిసిపోయినవాణ్ణి మూఢమే పట్టుకుంది. పన్నెండు నుంచి ఎనిమిది దాకా, ఆదివారాలు తీసేస్తే ఇరవై మూడు రోజులు. రోజుకి రెండు ఆటోలు, నలభై ఆరు. ఆ ఆరు కిలోమీటర్లలో స్పీడ్ బ్రేకర్లు పదకొండు. గుణించడం మానుకున్నాను. జీవితంలో అదే మొదటిసారి.

మా ఆవిడ నా మొహం వంక చూడలేదు. లేచి, నెమ్మదిగా నడుం పట్టుకుని, వెనక అద్దంలోంచి బయటికి చూసింది. షెడ్డు కింద ప్లాస్టిక్ కవర్లు కప్పిన కార్లు అయిదారున్నాయి.

"అవి ఎవరివండీ?"

"బుక్ అయినవి మేడమ్. మూఢం పోయాక తీసుకెళ్తారు."

"ఆ ఎర్రది మేము చూసిన రకమే కదా?"

"అదేనండీ. వినుకొండాయనది. ఆయనదీ జూలై ఎనిమిదే."

"ఆయనకి జూలైలో ఎర్రది ఇంకోటి రాదా?"

"వస్తుందనుకోండి, కానీ..."

"అయితే దాన్ని మాకిచ్చెయ్యండి, ఆయనకి కొత్తగా దిగింది ఇవ్వండి. మాకు మూఢం లేదండీ. మేము చర్చికెళ్ళేవాళ్ళం."

ఏప్రిల్ నుంచి నేను దాచుకున్నది ఆమె ఒక్క ముక్కలో బల్ల మీద పెట్టేసింది. సేల్స్ మనిషి నోరు తెరిచాడు. తర్వాత నన్ను చూశాడు. పట్టీ తీసుకున్న రైతు చూసే చూపు అది. రాయడానికి నా దగ్గర తర్వాతి చీటీ లేదు.

"సార్! ఆ మాట ముందే చెప్పొద్దూ? మూఢంలో డెలివరీ తీసుకునేవాళ్ళకని మే మొదటి వారంలో స్పెషల్ పెట్టాం. ఇప్పుడు మీకిచ్చినవన్నీ పోను, ఇంకా పదివేలు. అప్పుడు తెల్లది కూడా షెడ్డులోనే ఉంది. ఎవరూ రాకపోయేసరికి విజయవాడ పంపించేశాం."

"ఇంకా పదివేలు," అంది మా ఆవిడ. నాకు చెవుడేమోనన్నట్టు కాస్త గట్టిగా అంది.

"నాకు ఏప్రిల్లోనే కొంచెం డౌటొచ్చింది మేడమ్," అన్నాడతను. ఇప్పుడు అతని గొంతులో షోరూము మర్యాద పోయి, మా ఊరి వెటకారం వచ్చింది. "అన్నీ కొట్టేశారు గానీ పూజా కిట్ జోలికి పోలేదు. ఈయనెవరో మహాభక్తుడు అనుకున్నా. మరి అంత భక్తుడు మూఢంలో ఎందుకొచ్చాడబ్బా అని ఇందాకటి నుంచీ ఆలోచిస్తున్నా!"

మేనేజర్ వినుకొండకి ఫోన్ చేశాడు. జూలైలో ఇంకా కొత్త బండి వస్తుందంటే ఆయన సంతోషంగా సరేనన్నాడట. రిజిస్ట్రేషను అదీ పూర్తి చేసి జూన్ పదో తారీఖున తాళాలిస్తామన్నారు. మా ఆవిడ అప్పుడే వెళ్ళి ప్లాస్టిక్ కవరు కొంచెం ఎత్తి చూసింది. నేనూ చూశాను. మంచి రంగు. ఎండ తగిలి బాగా మెరిసే తేజ రకం మిరపకాయ రంగు. ఆ మాట అంటే నచ్చిందనుకుంటారని, "నల్లరేగడి దుమ్ము బాగా కనపడుతుంది" అన్నాను.

"ఇంకా దేనికండీ ఆ మొహం? డబ్బు కట్టేశారు," అంది.

పదో తారీఖున వెళ్ళేసరికి కారు కడిగి పెట్టారు. సేల్స్ మనిషి అలవాటు కొద్దీ బంతిపూల దండ, కొబ్బరికాయ, పసుపు కుంకుమలు, నాలుగు నిమ్మకాయలు ఉన్న పళ్ళెం పట్టుకొచ్చి, సగం దూరంలో ఆగిపోయాడు.

"మేడమ్, మరి ఇది... మీకు..."

"దండ వెయ్యండి, బావుంటుంది. పసుపు కుంకుమలు మీ ఇంట్లో వాళ్ళకివ్వండి. కొబ్బరికాయ పచ్చడికి పనికొస్తుంది, ఇటివ్వండి."

"నిమ్మకాయలు టైర్ల కింద పెట్టమంటారా?"

"ఏడు వందల యాభై పోసి కొని తొక్కించుకుంటామా?" అని నేనే పళ్ళెంలోంచి నాలుగూ తీసి జేబులో వేసుకున్నాను. బిల్లు మీద నేను గెలిచింది అదొక్కటే అన్నట్టు మేనేజర్ చప్పట్లు కొట్టాడు. అద్దాల గదిలోంచి బజ్జీల వాసన వస్తోంది. ఈసారి మాకూ తెప్పించారు. కాయ బాగుంది, ఘాటు తక్కువ.

పన్నెండో తారీఖు పొద్దున నేను కొట్టుకి సెలవు పెట్టి ఆమె పక్కన కూర్చున్నాను. సాయంగా అని చెప్పాను గానీ, నేను చేయగల సాయమేమీ లేదు. పర్చూరు దాటాక రోడ్డు సన్నబడింది. రెండు పక్కలా దున్నిన నల్లటి చేలు వాన కోసం చూస్తున్నాయి. ఎదురుగా షేర్ ఆటో వచ్చింది, అదే ఆటో. డ్రైవరు గుర్తుపట్టి, "టీచరమ్మా! నా గిరాకీ పోగొట్టావు!" అని అరుచుకుంటూ పోయాడు.

మొదటి స్పీడ్ బ్రేకర్ వచ్చింది. ఆమె బాగా ముందు నుంచే నెమ్మది చేసి, ముందు చక్రాలు ఎక్కించి, ఆగినంత పని చేసి, వెనక చక్రాలు దించింది. నేను "ఒకటి" అన్నాను.

"లెక్క మొదలుపెడితే ఇక్కడే దించేస్తా," అంది.

నోరు మూసుకున్నాను, మనసులో లెక్కపెట్టుకున్నాను. పదకొండు. ఒక్కదాని మీద కూడా ఆమె పళ్ళు బిగించలేదు. బడి ముందు వేపచెట్టు నీడలో ఆపి, తలుపు తీసి, నడుం మీద చెయ్యి వెయ్యకుండా దిగి నిలబడింది. పిల్లలు కారు చుట్టూ మూగి దండలో బంతిపూలు ఒలుస్తుంటే, నా జేబుకేసి చెయ్యి చాపింది.

"మొన్నటి నుంచీ మోస్తున్న ఆ నిమ్మకాయలివ్వండి. పిల్లలకి నీళ్ళు కలుపుతా."

నాలుగు కాయలకి పదహారు మంది పిల్లలు. పలచగానే ఉంది గానీ, అందరికీ వచ్చింది. నాకు మిగల్లేదు.